మొదటి చెఱువు

ఓరుగల్లు సీమలో పుట్టినవారికి నీటి నడకను గూర్చి వేఱుగ చెప్పనక్కఱలేదు. కాకతీయుల కాలమున, ముఖ్యముగా గణపతిదేవుని పాలనమున (1199–1262), ఈ ప్రాంతమునందు వెలసిన చెఱువులు పెక్కు ఒంటిగా నుండునవి కావు, గొలుసుకట్టుగా నుండునవి. పై చెఱువు నిండి మత్తడి దూకిన నీరు వాగుగా పాఱి క్రింది చెఱువును చేరును. అదియు నిండిన పిమ్మట దాని దిగువదానికి పోవును. ఎగువ చేనిలో చల్లిన మందు ఏ చెఱువును చెఱచినదో తెలిసికొనగోరువాడు ఊరనున్న కట్టలన్నింటిని తెగగొట్టడు. ఆ చేని నీరు మొట్టమొదట ఏ చెఱువున పడునో కనుగొని, ఆ నీటినే పరీక్షించును. ఈ మాత్రపు వివేకము మన నీరడులకు తరతరములుగా నున్నది. రాచపుండు పుట్టిన దేహమును కోయుపట్ల ఇదే వివేకము వైద్యశాస్త్రమునకు అలవడుటకు నూఱేండ్లు పట్టినది. ఆ నూఱేండ్ల కథను, అది మా యింట ప్రవేశించిన తీరును చదువరులకు విన్నవించుటయే ఈ వ్యాసము యొక్క ఉద్దేశ్యము.

చర్మమున పుట్టు రాచపుండ్లలో మెలనోమా యనునది మిక్కిలి క్రూరమైనది. చర్మమునకు రంగు నిచ్చు కణములయందు ఇది జనించును. తెల్లజాతులవారిలో ఇది తఱచుగా కనబడును; మన దేశమున అరుదు. అరుదగుటచేతనే మనకు దీనిపై దృష్టి లేదు, దృష్టి లేకుండుటచేతనే మనవారు ఆలస్యముగా ఆసుపత్రికి పోవుదురు. చామనచాయ, నలుపుచాయ గలవారిలో ఇది ఎండ తగులు మోముమీదకంటె అరికాలియందును, అరచేతియందును, గోటి క్రిందను పొడచూపుట యెక్కువ. జమైకా దేశపు సుప్రసిద్ధ గాయకుడు బాబ్ మార్లే 1981లో ముప్పదియాఱవ యేట మరణించినది కాలివ్రేలియందు పుట్టిన ఈ వ్యాధిచేతనే. నల్లని చర్మము దీనికి కవచము కాదని యెఱుగవలెను.

మా మేనత్త నర్సంపేట వైపున ఒక పల్లెలో వ్యవసాయము చేసికొనుచుండును. అరువదియేండ్లు దాటినది. ఆమె యెడమ మడమకు వెలుపలి యంచున నల్లని మచ్చ యొకటి పుట్టి, మెల్లగా పెరిగి, పగిలి, తడియూరజొచ్చెను. ముల్లు విఱిగినదని ఆమె అనుకొనెను. ఊరిలో సూదులు వేయునతడొకడు ఆనెకాయ యని పట్టీ వేసెను. ఇట్లెనిమిది మాసములు గడచినవి. ఇందు మనసును కలచునది మఱియొకటి యున్నది. మా యిండ్లలో పండుగనాడు ఆడువారు ఒకరి పాదములకొకరు పసుపు పూయుదురు. మా మేనత్త పదునైదేండ్లుగా విధవరాలు. ఆ పసుపు ఆమెను చేరరాదని మన ఆచారము. ఆ ఎనిమిది మాసములలో దసరాయు, బతుకమ్మయు, సంక్రాంతియు వచ్చినవి. ఇంటిలోని ప్రతి స్త్రీ పాదమును ఎవరో యొకరు చేతబట్టి చూచిరి, ఆమె పాదమును తప్ప. విధవరాలికి పసుపును నిషేధించినవారు ఆమె మడమను చూచు కన్నులను గూడ నిషేధించిరనుట అతిశయోక్తి కాదు.

తుదకు ఆమె కోడలు, ఇంటరు వఱకు చదివిన పిల్ల, గచ్చుమీద నెత్తుటి మరక చూచి, కాలిని బలవంతముగా త్రిప్పించి చూచి, నాకు కబురు పంపెను. హనుమకొండలో శస్త్రవైద్యుడొకడు మచ్చ అంచున చిన్న ముక్క తీసి పరీక్షకు పంపెను. ముక్క తీయుటకే మా బంధువులలో పెద్దలు అడ్డుపడిరి. కత్తి తగిలిన రాచపుండు ఒళ్ళంతయు ప్రాకునని వారి నమ్మకము. ముక్క తీసి చూచినందువలన ఈ రోగుల ఆయువు తగ్గదని వైద్యుల పరిశీలనలలో తేలినది, ప్రాకునది ఆలస్యమువలననే. పది దినములకు మెలనోమా యని జాబు వచ్చెను. శస్త్రచికిత్సకు ముందు లసికా మార్గమును చిత్రింపవలెనని వ్రాసి, మమ్ము హైదరాబాదునకు పంపిరి.

ఇచట లసిక యనగా నేమో చెప్పవలెను. మన దేహమున రక్తనాళములు గాక మఱియొక కాలువల వ్యవస్థ కలదు. రక్తమునుండి ఊఱి కణముల నడుమ చేరిన నీటిని ఈ సన్నని కాలువలు తోడుకొని మరల రక్తమున కలుపును. ఆ నీరే లసిక. 1622లో ఇటలీలో గాస్పరే అసెల్లీ యను వైద్యుడు కుక్క ప్రేవులయొద్ద పాలవలె తెల్లనైన నాళములను చూచెను. 1653 నాటికి స్వీడనులో రుడ్‌బెక్కు, డెన్మార్కులో బార్తొలిన్ ఇవి దేహమంతట గలవని నిరూపించిరి. ఈ కాలువల నడుమ నడుమ చిక్కుడు గింజలవంటి గ్రంథులుండును. కాలికి గాయమై చీము పట్టినపుడు గజ్జలో బిళ్ళ కట్టుట మన యిండ్లలో అందఱెఱిగినదే. ఆ బిళ్ళ వాచిన లసికా గ్రంథియే. కాలువ నీటిని అడ్డగించి, వడపోసి, అందలి శత్రువును పట్టుట దాని పని. మెలనోమా కణములు చర్మమును విడిచి బయలుదేరినపుడు చాలమట్టుకు ఈ కాలువలవెంటనే పోయి, మొదట తగులు గ్రంథిలో చిక్కును.

ఈ కాలువలు చెడినచో నేమగునో మన పల్లెలవారికి తెలియును. బోదకాలు అదియే. దోమకాటువలన చేరిన పురుగులు లసికా నాళములలో కాపురముండి వానిని పాడుచేయగా కాలు స్తంభమువలె ఉబ్బును. ఆ పురుగులపై పనిచేయు హెట్రజాన్ అను మందు 1947లో అమెరికాలోని లెడర్లీ ప్రయోగశాలనుండి వెలువడినది. ఆ పరిశోధనకు నాయకుడు భీమవరమున జన్మించిన మన యల్లాప్రగడ సుబ్బారావు (1895–1948). పురుగు చేయు కీడునే శస్త్రవైద్యుని కత్తియు చేయగలదు. గజ్జలోని గ్రంథులన్నింటిని ఊడదీసినచో నీటికి దారి లేక కాలు వాచుట కలదు. నాట్లు వేసి బ్రతుకు స్త్రీకి ఆ వాపు చిన్న కష్టము కాదు.

అయినను వైద్యులు చిరకాలము అట్లే చేసిరి. 1874లో పారిసు నగరమున సాపీ యను శరీరశాస్త్రజ్ఞుడు శవముల లసికా నాళములలోనికి పాదరసమును ఎక్కించి, వాని దారులను పటములుగా గీసెను. బొడ్డు చుట్టును ఒక గీత, దేహము నడుమ నిలువున ఒక గీత. పైభాగపు నీరు చంకలకు, క్రిందిభాగపు నీరు గజ్జలకు, కుడిది కుడికి, ఎడమది ఎడమకు పోవునని ఆయన సూత్రము. 1892లో లండనులో హెర్బర్టు స్నో అను వైద్యుడు, మెలనోమా కనబడిన వెంటనే, గ్రంథులు వాచియున్నను లేకున్నను, ముందుగానే వానిని తొలగింపుడని బోధించెను. ఆ మాట చాలమందికి ధర్మమైనది. ఆచారమనునది వంటయింటిలోనే గాదు, శస్త్రశాలలోను ఉండును. పెద్దలు చేసిరి గనుక మనమును చేయుదము, చేయుట క్షేమము, మానుట పాపము అను వాదము రెండు చోట్లను ఒక్కటే. 1977లో ఇటలీ దేశీయుడగు వెరొనేసియు, ఆయన సహచరులును, కాలుసేతులయందు మెలనోమా గలవారిని రెండు తెగలుగా చేసి, వెంటనే గ్రంథులు తీయించుకొన్నవారు అధికముగ బ్రతుకుట లేదని లెక్క గట్టి చూపిరి.

మఱియేమి చేయవలెను? కన్ను మూసికొని అన్నింటిని కోయుట తప్పైనచో, కన్ను మూసికొని ఊరకుండుటయు తప్పే. అమెరికాలో డొనాల్డు మోర్టనును, ఆయన సహచరులును 1992లో మూడవ మార్గమును ప్రకటించిరి. పుండు చుట్టును నీలిరంగు ఎక్కించి, ఆ రంగు మొదట ఏ గ్రంథిని చేరునో చూచి, దానిని మాత్రము తీసి పరీక్షింపవలెను. దానికి కావలి గ్రంథి యని పేరు. కావలివాడు క్షేమముగ నున్నచో కోటలోనికి శత్రువు చొరబడియుండుట అరుదు. అయితే కావలివాడు ఏ ద్వారమున నున్నాడో కోయుటకు ముందే తెలియవలెను గదా! అందుకు తోడుపడునదే మా మేనత్తకు చేసిన పరీక్ష. దీనిని లింఫోసింటిగ్రఫీ యందురు. 1953లో అమెరికాలో రేడియోధార్మిక స్వర్ణరేణువులను దేహములోనికి ఎక్కించి, అవి గ్రంథులలో చేరుటను కనుగొనిరి. ఆ బీజమే పెరిగి ఈ పరీక్ష యైనది.

నేడు స్వర్ణమునకు బదులు టెక్నీషియం అను మూలకమును వాడుదురు. ఇది 1937లో కనుగొనబడినది. మనుష్యుడు కృత్రిమముగ చేసిన మొదటి మూలకమిదియే. దీని తేజస్సు ఆఱు గంటలకు సగమగును, మఱి యాఱు గంటలకు అందులో సగము. ఇట్లు ఒక దినము గడచునప్పటికి పదునాఱవ వంతు మాత్రమే మిగులును. ఇంత త్వరగా క్షీణించు వస్తువును దూరమునుండి తెచ్చి దాచియుంచుట పొసగదు. కావున దీనికి తల్లియగు మాలిబ్డినమును ఒక సీసపు పెట్టెలో నుంచి, కావలసినపుడు ఉప్పునీటితో టెక్నీషియమును దింపుకొందురు. ఆ పెట్టెను వైద్యశాలలవారు ఆవు అనియు, దింపుటను పాలు పితుకుట యనియు వేడుకగా చెప్పుకొందురు. ఆ తల్లి శక్తియు అఱువదియాఱు గంటలకు సగమగును గనుక వారమునకొకసారి క్రొత్త ఆవు రావలసినదే.

పరీక్ష నాటి ఉదయమున అంగీకార పత్రముపై వ్రాలు పెట్టవలసి వచ్చినది. మా మేనత్తకు రోగము పేరు చెప్పరాదని బంధువులు ముందే కట్టడి చేసియుండిరి. ముసలిది బెంగతో చచ్చునని వారి భయము. ఆమె కుమారుడు కలము తీసెను. పరీక్ష చేయు వైద్యురాలు కాగితమును వెనుకకు తీసికొని, “కాలు ఆమెది, వ్రాలును ఆమెదే కావలెను. ఏమి చేయుదుమో ఆమెకు తెలియక నేను సూది ముట్టను” అనెను. ఎవరు చెప్పవలెనని అందఱు ఒకరి మొగమొకరు చూచుకొనిరి. నేను అత్త ప్రక్కన కూర్చుండి, ఆనెకాయ కాదనియు, రాచపుండనియు చెప్పితిని. మడమ ఎగువ చేననియు, గ్రంథులు చెఱువులనియు, విషము మొదటి చెఱువును చేరినదా లేదా యని చూడబోవుచున్నామనియు విశదపఱచితిని. ఆమె చాలసేపు మాటలాడలేదు. పిదప, “కోసుడు కోసుడే గదా బిడ్డా, మల్ల ఈ సూదులెందుకు?” అని యడిగెను. ఏ చెఱువో తెలియక కోసినచో అన్ని కట్టలు తెగుననియు, కాలు బోదకాలువలె ఉబ్బవచ్చుననియు చెప్పితిని. “గట్లయితే సూడుర్రి” అని, మహిళా సంఘములో నేర్చిన సంతకమును తానే చేసెను. బెంగతో చచ్చునన్నవారు ఆ సంతకమును చూచి తలలు వంచుకొనిరి.

మచ్చ చుట్టును నాలుగు చోట్ల, చర్మపు పొరలోనే, సన్నని సూదులతో మందు నెక్కించిరి. ఆ స్థలమున సూది బాధ తక్కువదని చెప్పను. ఆమె పండ్లు బిగబట్టి ఓర్చుకొనెను. పిదప ఆమెను గామా కెమెరా క్రింద పరుండబెట్టిరి. ఈ యంత్రము వెలుగును ప్రసరింపదు. దేహమునుండి వచ్చు కిరణములను గ్రహించి బొమ్మ కట్టును. తెరమీద మొదట మడమయొద్ద ప్రకాశమానమైన మచ్చ మాత్రమే యుండెను. కొన్ని నిమిషములకు దానినుండి వెండ్రుకవంటి రేఖ పిక్క మీదుగా ప్రాకెను. అందఱు గజ్జవైపు చూచుచుండగా, మోకాటి వెనుక గుంటలో ఒక చుక్క వెలిగెను. అటుపిమ్మట లోవైపు దారిన మఱియొక రేఖ పోయి గజ్జలో రెండవ చుక్కయై నిలిచెను. అరికాలి నీరు చాలమట్టుకు గజ్జకే పోవునుగాని, మడమ వెలుపలి యంచుది కొందఱిలో మోకాటి వెనుకకును పోవునని వైద్యురాలు చెప్పెను. ఎవరిలో పోవునో పటము చెప్పజాలదు. ఆ మనుష్యుని దేహమే చెప్పవలెను. నడివీపునను, మెడమీదను పుట్టిన మచ్చల విషయమున ఈ దారులు మఱింత చిత్రమైనవి. సాపీ గీతలను దాటి అవతలి చంకకు పోవుటయు కలదు. పరుండియే అత్త, “ఏ చెర్ల వడ్డది బిడ్డా?” అనెను. “రెండు చెర్లల పడ్డది అత్తా” అంటిని. చర్మముపై ఆ రెండు తావులను చెరగని సిరాతో గుర్తించిరి.

మఱునాడు శస్త్రచికిత్స జరిగినది. కిరణములను పసిగట్టి చప్పుడు చేయు చిన్న సాధనముతోను, నీలిరంగు సాయముతోను ఆ రెండు గ్రంథులను వెదకి తీసి, మచ్చను చుట్టునున్న చర్మముతో గూడ తొలగించి, తొడ చర్మమును అతికిరి. రెండు గ్రంథులును నిర్మలముగ నున్నవని పిమ్మట జాబు వచ్చెను. మోకాటి వెనుకటిదానిని చూడకయే నిర్మలమని యుండినచో అది సగము మాట యగును గదా! ఆమె కాలు ఉబ్బలేదు. నిర్మలమను మాట అభయహస్తము కాదు గనుక, కొన్ని మాసములకొకసారి పరీక్షకు పోవుచునే యున్నది.

ఈ పరీక్షను సంజీవనిగా వర్ణించుట నా యభిమతము కాదు. పొర మిక్కిలి పలుచనై, పుండు పడని మెలనోమాకు సామాన్యముగా దీని యవసరముండదు. గ్రంథి ముందే వాచి చేతికి తగులుచున్నచో దానినే సూదితో పరీక్షింతురు. కావలి గ్రంథి నిర్మలముగ కనబడినను రోగము తరువాత తలయెత్తినవారును కొందఱున్నారు. మోర్టను ప్రారంభించిన గొప్ప పరిశీలన యొక్క తుది లెక్కలు 2014లో వెలువడగా, ఈ పద్ధతివలన రోగులందఱి సగటు ఆయువు పెరిగినట్లు తేలలేదు. గ్రంథిలో రోగము దాగియున్న కొందఱికి మాత్రము మేలు కనబడినది. 2017లో వెలువడిన మఱియొక పరిశీలన, కావలి గ్రంథిలో రోగము కనబడినను తక్కిన గ్రంథులన్నింటిని ఊడదీయుటవలన ప్రాణరక్షణ హెచ్చదనియు, ఊడదీసినవారిలో నూటికి 24 మందికి వాపు రాగా, ఊడదీయక కనిపెట్టియున్నవారిలో 6గురికే వచ్చినదనియు తెలిపెను. కాబట్టి ఈ చిత్రము ఇచ్చునది ప్రధానముగా జ్ఞానము: రోగమెంతవఱకు పోయినదో, ఏ చికిత్స కావలెనో, ఏది అక్కఱలేదో. అనవసరపు కోతను తప్పించు జ్ఞానము అల్పమైనది కాదు.

వైద్యులు తమ ఆచారమును చూచి, లెక్కించి, విడిచిరి. మనము మన ఆచారములను అట్లు చూచుచున్నామా? రోగికి రోగమును దాచుట దయ యనుకొందుము. పురుషుని కాలికి ముల్లు గ్రుచ్చుకొన్న నాడే పట్నమునకు పోవుదుము. స్త్రీ పుండు ఎనిమిది నెలలు పట్టీ క్రింద నుండును. నాకు తెలిసిన యిండ్లలో పొలము అమ్ముటకు ఇంటిపెద్ద సంతకమును, కాలు కోయుటకు కొడుకు సంతకమును అడుగుదురుగాని, ఆ కాలిమీద నిలిచిన మనిషిని అడుగువారు తక్కువ.

వరంగల్లున పెద్దాసుపత్రి యున్నది. కాకతీయ వైద్య కళాశాల 1959నుండి వైద్యులను తయారుచేయుచున్నది. హైదరాబాదున మెహదీ నవాజ్ జంగ్ పేరిట రాచపుండ్లకు ప్రత్యేకమైన ప్రభుత్వ వైద్యశాల 1955లోనే వెలసినది. వైద్యశాలలున్నంత మాత్రమున చాలదు. వానివఱకు పాదము నడిచి రావలెను. కావున సోదరీమణులారా, సోదరులారా, తలంటు దినమున ఇంటిలోని ప్రతివారి అరికాళ్ళను, వ్రేళ్ళ సందులను, గోళ్ళను త్రిప్పి చూడుడు. పెరుగుచున్న నల్లమచ్చ, అంచులు సమముగ లేనిది, రంగులు కలగలసినది, నెత్తురు కాఱునది, నెల దాటినను మానని ఆనె కనబడినచో వైద్యునికి చూపుడు. ముక్క తీయుటకు జంకకుడు. శస్త్రచికిత్స యన్నచో, ముందుగా లసికా మార్గమును చూడవలసి యుండునాయని అడుగుడు. అడుగుట అవిధేయత కాదు. రోగి స్త్రీయైనను, వృద్ధయైనను, చదువు రానిదైనను, ఆమె ప్రక్కన కూర్చుండి ఆమె భాషలో ఆమెకు తెలుపుడు.

మొన్నటి సంక్రాంతినాడు మా మేనత్త కోడలు పసుపు గిన్నెతో అత్తగారి ముందు కూర్చుండెను. ఇరుగుపొరుగువారు ముక్కున వ్రేలు వేసికొనిరి. ఆమె ఎవరికిని జవాబు చెప్పక, రెండు పాదములను మడమలవఱకు, అతికిన చర్మమును తప్పించి, నెమ్మదిగా పూసెను. ఆ పాదములను చూచుట ఆమెకిప్పుడు నెలకొకసారి పని.